సియెమ్ రీప్ బార్‌లో మెనూ ధరలు డాలర్లలోనా, రియెల్‌లోనా? రాత్రి గల్లా లెక్క తేలడం లేదు

సియెమ్‌రీప్_సాయి | 3 డిసెంబరు 2023, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. కంబోడియాలో ఉన్నవాళ్లు, టూరిస్టు ఊళ్లలో హోటల్ లైన్‌లో పనిచేసినవాళ్లు కాస్త సాయం చేయాలి.

సియెమ్ రీప్‌లో ఒక బార్‌కి మూడేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. పబ్ స్ట్రీట్ గోల లేని పక్క సందులో ఉంటుంది. ఓనర్ విదేశీయుడు. వచ్చేవాళ్లలో సగం మంది ఇక్కడే స్థిరపడిన విదేశీయులు: టీచర్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు. మిగతా సగం ఆంగ్కోర్ గుళ్లు చూడటానికి వచ్చే టూరిస్టులు. శుక్ర, శనివారాల్లో ఊళ్లో కుర్రాళ్లు కూడా బాగా వస్తారు.

మెనూ మొత్తం డాలర్లలోనే ఉంది. డ్రాఫ్ట్ బీరు 1.25, సీసా 2.75, బర్గర్ 4.50. ఇక్కడి సొంత కరెన్సీ రియెల్ అన్న మాటే ఎక్కడా లేదు. ఇప్పుడు కొత్త మెనూ అచ్చు వేయిస్తున్నారు. డాలర్లే ఉంచాలా, రియెల్ పెట్టాలా, రెండూనా? నన్నే తేల్చి చెప్పమన్నారు.

అసలు బాధ ఇంకోటి ఉంది. మా క్యాషియర్ అమ్మాయికి చాలా రాత్రులు గల్లాలో రెండు మూడు డాలర్లు తక్కువ వస్తోంది. ఆ లోటు ఆమె టిప్పుల వాటాలోంచి కోస్తున్నారు. మొన్న గురు, శుక్రవారాలు పక్కన స్టూలు వేసుకుని ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. ప్రతి నోటూ రెండుసార్లు లెక్కపెడుతుంది. ఒక్క పొరపాటూ కనపడలేదు. అయినా శుక్రవారం 2 డాలర్ల 40 సెంట్లు తక్కువ. "బాంగ్, నేను తీయలేదు" అంది. బాంగ్ అంటే ఇక్కడ అన్నా, అక్కా అని పిలిచే మాట. ఆ మాట విన్నాక ఇప్పటిదాకా నిద్ర పట్టలేదు.

సంచీ_భుజాన | 4 డిసెంబరు, ఉదయం 6:15

నేను టూరిస్టుగా వచ్చి వెళ్లినదాన్ని, నా వైపు నుంచి చెప్తాను. వీసా 30 డాలర్లు, ఆంగ్కోర్ టికెట్ ఒకరోజుకి 37 డాలర్లు, గెస్ట్‌హౌస్ డాలర్లు, టుక్‌టుక్ డాలర్లు. దిగినప్పటి నుంచీ చేతిలో ఆ నోట్లే ఉంటాయి. మెనూలో 11,000 అని కనపడితే ఒక్క క్షణం గుండె ఆగుతుంది. డాలర్లు ఉంచండి అన్నా.

ఆ అమ్మాయి డబ్బు కోయడం మాత్రం చాలా అన్యాయం.

లెడ్జర్_మనిషి | 4 డిసెంబరు, ఉదయం 8:02

సాయి గారూ, మెనూ సంగతి తర్వాత. ముందు ఈ మూడింటికి జవాబు చెప్పండి.

కస్టమర్ రియెల్ ఇస్తే డాలర్‌కి ఎంత చొప్పున తీసుకుంటున్నారు? చిల్లర రియెల్‌లో ఇచ్చేటప్పుడు ఎంత చొప్పున ఇస్తున్నారు? రాత్రి గల్లాలో ఉన్న రియెల్‌ని డాలర్లలోకి ఎంత చొప్పున మారుస్తున్నారు?

ఈ మూడూ ఒకటే అయితే నేను చెప్పేదేమీ లేదు.

బాలి_వంటిల్లు | 4 డిసెంబరు, ఉదయం 9:30

బాలిలో ఏడేళ్లుగా వంట మనిషిని. ఇక్కడ ఈ ప్రశ్నే రాదు. 2011లో వచ్చిన కరెన్సీ చట్టం ప్రకారం దేశం లోపల చెల్లింపులు రూపియాలోనే జరగాలి. 2015లో బ్యాంక్ ఇండోనేషియా ఇంకో నిబంధన తెచ్చింది, ఆ ఏడాది జులై 1 నుంచి ధర రాయడం కూడా రూపియాలోనే. ధర పక్కన బ్రాకెట్లో డాలర్లు వేయడం కూడా కుదరదు. చట్టంలో ఏడాది దాకా నిర్బంధం, 20 కోట్ల రూపియాల దాకా జరిమానా ఉన్నాయి.

మా దగ్గర సున్నాలు ఎక్కువ కాబట్టి మెనూలో 85 అని వేసి, అడుగున "వేలల్లో" అని రాస్తారు. మొదటి రోజు టూరిస్టు తికమకపడతాడు. రెండో రోజు అతనే పక్కవాడికి చెప్తుంటాడు. కాబట్టి టూరిస్టుకి అర్థం కాదు అన్న వాదన నేను ఒప్పుకోను.

హనోయ్_టీచర్ | 4 డిసెంబరు, ఉదయం 10:10

వియత్నాంలోనూ అంతే. 2005 నాటి విదేశీ మారక ఆర్డినెన్స్ ప్రకారం మామూలు వ్యాపారాలు విదేశీ కరెన్సీలో ధర రాయకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. విదేశీయులు నిండిపోయే బార్లలో కూడా మెనూలో "65K" (అంటే 65 వేలు) అని డాంగ్‌లోనే ఉంటుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ప్రతిదాన్నీ మనసులో డాలర్లలోకి మార్చుకునేదాన్ని. నెల తిరిగేసరికి ఆ అలవాటు పోయింది.

మెకాంగ్_వాసి | 4 డిసెంబరు, మధ్యాహ్నం 1:25

రాజధాని ఫ్నోమ్ పెన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇండోనేషియా, వియత్నాంల పక్కన కంబోడియాను పెట్టి చూడటం సరికాదు. ఇక్కడ డాలర్ టూరిస్టుల కోసం వచ్చింది కాదు.

1975లో దేశాన్ని చేజిక్కించుకున్న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం వాళ్లు డబ్బునే రద్దు చేశారు. ఒక నోటు తీసేసి ఇంకో నోటు తేవడం కాదు, డబ్బు అనే వస్తువే ఉండకూడదన్నారు. ఫ్నోమ్ పెన్‌లో సెంట్రల్ బ్యాంక్ భవనాన్ని పేల్చేశారు. వాళ్లు పోయాక కూడా కొంతకాలం జనం బియ్యంతో, బంగారంతో కొనుగోళ్లు చేసుకున్నారు. 1980 మార్చి 20న రియెల్ మళ్లీ వచ్చింది. కానీ దాన్ని నమ్మి దాచుకునే ధైర్యం ఎవరికుంటుంది? తర్వాత 1992, 93లో ఎన్నికలు జరిపించడానికి ఐక్యరాజ్యసమితి యంత్రాంగం దిగింది. వేలమంది సైనికులు, సిబ్బంది, వాళ్ల జీతాలు, ఇళ్ల అద్దెలు, అన్నీ డాలర్లలోనే. అప్పుడు ఊళ్లో నిండిన డాలర్ ఇప్పటికీ పోలేదు.

మా ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయి. అద్దె డాలర్లలో తీసుకుంటుంది, కూరగాయలు రియెల్‌తో కొంటుంది. ఒకసారి అద్దె రియెల్‌లో ఇవ్వనా అని అడిగాను. నవ్వలేదు, కోప్పడలేదు. "మా అమ్మ దగ్గర ఒక పెట్టె నిండా నోట్లు ఉండేవి" అని మాత్రం అంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అందుకని సాయి, మీ మెనూలో డాలర్ ఉన్నందుకు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. అయితే ఇప్పుడు గాలి రియెల్ వైపు మళ్లుతోంది. నేషనల్ బ్యాంక్ చాలా పట్టుదలగా ఉంది. 2020లో 1, 2, 5 డాలర్ల నోట్లను బ్యాంకుల నుంచి వెనక్కి తెప్పించే పని మొదలుపెట్టింది. చిన్న నోటు స్థానంలో రియెల్ రావాలని వాళ్ల ఆలోచన. అదే ఏడాది అక్టోబరులో బకోంగ్ అనే ఫోన్ చెల్లింపుల వ్యవస్థ, 2022లో అన్ని బ్యాంకులకూ పనిచేసే కేహెచ్‌క్యూఆర్ అనే క్యూఆర్ కోడ్ వచ్చాయి. ఇప్పుడు కొబ్బరిబోండాల బండి మీద కూడా ఆ ఎర్ర క్యూఆర్ అట్ట కనిపిస్తుంది.

సియెమ్‌రీప్_సాయి | 4 డిసెంబరు, మధ్యాహ్నం 3:40

లెడ్జర్ గారూ, మీ ప్రశ్నలకు జవాబులు.

తీసుకునేది 4,000 చొప్పున. ఊరంతా అదే అలవాటు, నోటితో లెక్క కట్టడం తేలిక. చిల్లర ఇచ్చేది కూడా 4,000 చొప్పునే. రాత్రి లెక్క మాత్రం 4,100. ఓనర్ పెట్టిన ఎక్సెల్ షీట్‌లో ఆ అంకె ఉంది. బ్యాంకులో మార్పిస్తే ఆ దరిదాపుల్లోనే వస్తుంది కాబట్టి అదే అసలు రేటు అంటారు.

లెడ్జర్_మనిషి | 4 డిసెంబరు, సాయంత్రం 4:15

అయితే దొంగ దొరికింది. మనిషి కాదు, ఆ ఎక్సెల్ గడి.

ఒక రాత్రి కస్టమర్లు 4 లక్షల రియెల్ ఇచ్చారనుకోండి. 4,000 చొప్పున ఆ అమ్మాయి 100 డాలర్ల సరుకు ఇచ్చింది. బిల్లులు కూడా 100 అనే చెప్తాయి. రాత్రి అదే 4 లక్షలను మీ షీట్ 4,100తో భాగిస్తే 97.56 వస్తుంది. లోటు 2 డాలర్ల 44 సెంట్లు. మీ శుక్రవారం లెక్కకి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆమె ఎంత జాగ్రత్తగా ఉంటే అంత కచ్చితంగా ఆ లోటు వస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి, ఇదింకా ముఖ్యం. టూరిస్టు 2.75 బీరుకి 10 డాలర్ల నోటు ఇచ్చాడు. చిన్న డాలర్ నోట్లు అయిపోయాయి. చిల్లర 7.25 మొత్తం రియెల్‌లో ఇవ్వాలి, 4,000 చొప్పున 29,000. ఆ 29,000 మీ షీట్‌లో 7.07 డాలర్లే. అంటే గల్లాలో 18 సెంట్లు ఎక్కువ తేలాలి.

రియెల్ ఎక్కువగా లోపలికి వచ్చిన రాత్రి లోటు, రియెల్ ఎక్కువగా బయటికి పోయిన రాత్రి మిగులు. లోటు ఆమె టిప్పుల్లోంచి పోతోంది. మరి మిగులు రాత్రుల డబ్బు ఎక్కడికి పోతోంది సాయి గారూ?

సంచీ_భుజాన | 4 డిసెంబరు, సాయంత్రం 4:31

ఇది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

రెండు_టేబుళ్లు | 4 డిసెంబరు, సాయంత్రం 6:50

నాదీ ఈ ఊరే. చిన్న హోటల్ నడుపుతున్నాను. ఓనర్ల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నా అద్దె డాలర్లలో, జీతాలు డాలర్లలో, మాంసం, మద్యం సరఫరా బిల్లులు డాలర్లలో. ఖర్చంతా డాలర్ అయినప్పుడు మెనూ డాలర్లలో ఉండటమే సరైన పద్ధతి. రియెల్‌లో పెడితే, రేటు కదిలినప్పుడల్లా మెనూ మళ్లీ అచ్చు వేయించాలి.

చిరిగిన నోట్ల బాధ కూడా ఉంది. టూరిస్టు ఇచ్చిన 20 డాలర్ల నోటు అంచు గోరంత చిరిగి ఉంటే రేపు నా దగ్గర సప్లయర్ తీసుకోడు. క్యాషియర్ చూసుకోకపోతే ఆ 20 నాకు పోయినట్టే. అలాంటప్పుడు సిబ్బంది మీద కొంత బాధ్యత పెట్టక తప్పదు.

మెకాంగ్_వాసి | 4 డిసెంబరు, రాత్రి 7:30

అన్నా, ఖర్చంతా డాలర్ అనకండి. కరెంటు బిల్లు రియెల్‌లో వస్తుంది. పన్ను లెక్కలూ రియెల్‌లోనే. పొద్దున బజారులో మీరు కొనే చేప, నిమ్మగడ్డి, మిరపకాయలు రియెల్‌తోనే కదా. రేటు కూడా ఊరికే ఊగేది కాదు, ఎన్నో ఏళ్లుగా 4,000 నుంచి 4,100 మధ్యలోనే, అటూ ఇటూ కొంచెం తేడాతో తిరుగుతోంది.

చిరిగిన నోటు గురించి మాత్రం మీరన్నది నిజమే. ఇక్కడ అదో వింత. రియెల్ నోటు మధ్యకి చిరిగి టేపు అంటించినా తీసుకుంటారు. డాలర్ మాత్రం ఇస్త్రీ చీరలా ఉండాలి.

సంచీ_భుజాన | 4 డిసెంబరు, రాత్రి 8:05

నోటు సంగతి వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెప్తాను. ఏటీఎంలో డబ్బు తీస్తే ఒకటే 100 డాలర్ల నోటు వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నర. ఆకలి. ఒక చోట తినేసి ఆ నోటు ఇస్తే కౌంటర్లో ఉన్న పిల్ల దాన్ని లైటుకి ఎత్తి పట్టింది, నాలుగు మూలలూ వేలితో తడిమింది, ఒక మూల ఆగింది. చీమ తల అంత చిరుగు. తల అడ్డంగా ఊపి నోటు రెండు చేతులతో నాకే తిరిగి ఇచ్చింది. నాకు కోపం వచ్చింది, గట్టిగా మాట్లాడాను కూడా. చివరికి పక్క టేబుల్ పెద్దాయన మార్చి ఇచ్చారు.

ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే అర్థమవుతోంది. ఆ నోటు తీసుకుంటే 100 డాలర్లు ఆ పిల్ల జీతంలోంచి పోయేవేమో. ఆ రోజు అరిచినందుకు ఇప్పుడు చాలా బాధగా ఉంది.

మాఫుషి_డ్యూటీ | 4 డిసెంబరు, రాత్రి 10:45

మాల్దీవులలో రిసార్టు బార్ క్యాషియర్‌గా నాలుగేళ్లు చేశాను. అక్కడ మెనూ డాలర్లలోనే, అందరూ టూరిస్టులే, కాబట్టి ఈ రెండు నోట్ల తలనొప్పి లేదు. అక్కడి బాధ వేరు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. 10 డాలర్లు అని ఉన్న కాక్‌టెయిల్‌కి పది శాతం సర్వీస్ చార్జి కలిపి 11, దాని మీద 16 శాతం టూరిజం పన్ను (2023 రేటు), మొత్తం 12.76. బిల్లు చూసి మా మీద అరిచేవాళ్లు. ఆ ప్లస్ గుర్తులు పెట్టింది మేమా?

ప్రభుత్వ రేటు డాలర్‌కి 15.42 రుఫియా. బయట మార్కెట్లో డాలర్‌కి అంతకన్నా చాలా ఎక్కువ పలుకుతుంది. అందుకే ఎవరి జీతం ఏ కరెన్సీలో వస్తుంది అన్నది అక్కడ ఇంటి బతుకు సంగతి. సర్వీస్ చార్జి వాటా డాలర్లలో చేతికొచ్చిన నెల ఇంటికి ఎక్కువ పంపగలిగేవాణ్ణి.

సాయి అన్నా, గల్లా ముందు కూర్చునేవాడు రేటు పెట్టడు, మెనూ రాయడు. తిట్లు, కోతలు మాత్రం వాడికే. ఆ అమ్మాయి వైపు నిలబడండి, దయచేసి.

మోడరేటర్ | 5 డిసెంబరు, ఉదయం 7:00

బార్ పేరు, ఓనర్ పేరు అడుగుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగా సాగుతోంది, పేర్ల జోలికి పోవద్దు.

సియెమ్‌రీప్_సాయి | 5 డిసెంబరు, రాత్రి 11:20

రోజంతా రిజిస్టరు తిరగేశాను. జులై నుంచి నవంబరు దాకా ఐదు నెలలు. సోమవారాలు సెలవు, ప్చుమ్ బెన్ పండక్కి ఒకరోజు మూశాం, మొత్తం 130 రాత్రులు తెరిచాం.

88 రాత్రులు లోటు, మొత్తం 214 డాలర్లు. 39 రాత్రులు మిగులు, మొత్తం 121 డాలర్లు. మూడు రాత్రులు సరిగ్గా సరిపోయింది.

మిగులు 121 "ఇతర ఆదాయం" అనే పద్దులో ఉంది. ఆ పద్దులో రాసింది నేనే. ప్రతి నెలా నా చేత్తోనే రాశాను. అది ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. లోటు రాత్రుల్ని మాత్రం ఆమె పేరు కింద రాశాను.

ఇంకో సంగతి. లోటు రాత్రుల్లో ఎక్కువ భాగం జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ఉన్నాయి. అది వానాకాలం, టూరిస్టులు తక్కువ. వచ్చేది ఊరివాళ్లు, వాళ్లు ఇచ్చేది రియెల్. మిగులు రాత్రులు దాదాపు అన్నీ అక్టోబరు, నవంబరుల్లో, టూరిస్టుల రాక పెరిగాక. అంటే టిప్పులే రాని నెలల్లో ఆమె టిప్పులు కోశాం.

రేపు ఓనర్‌తో మాట్లాడతాను.

లెడ్జర్_మనిషి | 5 డిసెంబరు, రాత్రి 11:52

మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆయన "214లోంచి 121 తీసేస్తే 93, అది ఇస్తాను" అంటారు. ఒప్పుకోవద్దు. ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు వేసుకునే లెక్కలు కావు. రెండూ మారకపు తేడాలే, వ్యాపారం చేసే మనిషికి రావాల్సిన లాభం, భరించాల్సిన నష్టం. ఆమెకు ఆ రెండిట్లో ఏదీ చెందదు. ఆమె దగ్గర కోసింది 214, తిరిగి ఇవ్వాల్సింది 214.

రెండు_టేబుళ్లు | 6 డిసెంబరు, ఉదయం 8:20

నిన్న రాత్రి నేను కూడా నా షీట్ తెరిచి చూశాను. నాది కూడా 4,100 మీదే ఉంది. మా దగ్గర కోత లేదు, కానీ తక్కువ వచ్చిన రాత్రి మావాడిని నాలుగు మాటలు అనేవాణ్ణి. ఈ రోజు మార్చేశాను. లెడ్జర్ గారికి కృతజ్ఞతలు.

హనోయ్_టీచర్ | 6 డిసెంబరు, ఉదయం 9:45

ఈ లెక్కంతా విన్నాక నాకో సందేహం. మెనూ రియెల్‌లో ఉండి ఉంటే ఈ తేడా వచ్చేదా?

లెడ్జర్_మనిషి | 6 డిసెంబరు, ఉదయం 10:30

వచ్చేది అక్కా, వేరే రూపంలో. 2.75 అని రాసి 11,000 తీసుకున్నా, 11,000 అని రాసి 2.75 తీసుకున్నా కస్టమర్ ఇచ్చేది ఒకటే. రియెల్ ఇచ్చేవాడికి కొంచెం చవక పడుతుంది, డాలర్ ఇచ్చేవాడికి కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ రెండున్నర శాతం లోపు తేడా ఎలాగూ ఉంటుంది. చిక్కంతా పగలు ఒక రేటు, రాత్రి ఇంకో రేటు వాడటంలో ఉంది.

నా సలహా ఇది. గల్లాలో డాలర్లు ఒక గడిలో, రియెల్ ఇంకో గడిలో. పొద్దున పెట్టుబడి చిల్లర రెండిట్లోనూ ఎంతుందో రాయాలి. రాత్రి క్యాషియర్ లెక్క 4,000తోనే కట్టాలి. లోపలికి 4,000, బయటికి 4,000, లెక్కకి 4,000. అప్పుడు తేడా వస్తే అది నిజమైన తేడా. తర్వాత బ్యాంకులో మార్చినప్పుడు పోయేదో వచ్చేదో "మారకపు తేడా" అనే పద్దులో బార్ ఖాతాలో రాసుకోవాలి. ఆ పద్దుకీ క్యాషియర్‌కీ సంబంధం లేదు.

4,000 అనే అంకె ఎందుకు నిలబడిందో కూడా చూడండి. పావు డాలర్ అంటే సరిగ్గా 1,000 నోటు. 1.25 అంటే 5,000, 4.50 అంటే 18,000. మీ మెనూలో ధరలన్నీ పావు, అర, ముప్పావుల్లోనే ఉన్నాయి. డాలర్ నాణేలు ఇక్కడ చెలామణిలో లేవు కాబట్టి ఆ పావులన్నీ రియెల్‌లోనే తీరతాయి. మీ డాలర్ మెనూ కూడా సగం రియెల్ మెనూనే అన్నమాట.

బాలి_వంటిల్లు | 6 డిసెంబరు, ఉదయం 11:15

ఇంత వివరంగా చెప్పినందుకు సంతోషం. అయినా మెనూలో ఏ గుర్తు ముందు ఉంటుందన్నది కూడా చిన్న విషయం కాదని నా అభిప్రాయం. ఊరివాడు తన ఊళ్లో, తన డబ్బుతో వచ్చి కూర్చుంటే, ధర తెలుసుకోవడానికి అతనే గుణించుకోవాలా? శనివారం వచ్చే ఆ కుర్రాళ్ల గురించి ఆలోచించండి.

మెకాంగ్_వాసి | 6 డిసెంబరు, మధ్యాహ్నం 12:40

ఇది నిజం. మా ఆఫీసులో పనిచేసే ఒక ఖ్మేర్ అబ్బాయి, అంటే ఈ దేశం వాడే, ఫ్నోమ్ పెన్ నదిఒడ్డున విదేశీయుల బార్‌కి నాతో వచ్చాడు. మెనూ ఇంగ్లీషులో, డాలర్లలో. తిరగేశాడు, మూసేశాడు, "మీరే చెప్పండి బాంగ్" అన్నాడు. డాలర్ తెలియక కాదు, అతని జీతమే డాలర్లలో వస్తుంది. అది తనని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదని ఒక్క చూపులో తెలిసిపోయింది. ఆ రాత్రంతా మాట తక్కువే.

రెండూ వేయండి సాయి. రియెల్ పైన, డాలర్ కింద, అక్షరాలు ఒకే సైజులో. వస్తువుల పేర్లు ఇక్కడి భాష ఖ్మేర్‌లో కూడా ఉండాలి.

సంచీ_భుజాన | 6 డిసెంబరు, మధ్యాహ్నం 1:10

నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. రెండూ వేయండి. రేటు కూడా మెనూ మీదే రాయండి, టూరిస్టుకి కావాల్సింది అదే.

కార్డు గురించి కూడా ఒక మాట. కొన్ని మెషిన్లు "మీ దేశం కరెన్సీలోనా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడుగుతాయి. మన రూపాయల్లో చూపిస్తే తెలిసిన అంకె కదా అని చాలామంది నొక్కేస్తారు. ఆ మార్పిడి రేటులో వాళ్ల లాభం కలిపి ఉంటుంది. డాలర్లే నొక్కాలి. అప్పుడు మన బ్యాంకు తీసుకునే మార్కప్ ఒక్కటే పడుతుంది. అది చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది. మీ క్యాషియర్ అమ్మాయి మెషిన్ స్క్రీన్ కస్టమర్ వైపు తిప్పి, అతన్నే నొక్కనిస్తే సరిపోతుంది.

సియెమ్‌రీప్_సాయి | 7 డిసెంబరు, రాత్రి 12:35

మాట్లాడాను.

ముందు ఆయన నమ్మలేదు. "4,100 బ్యాంకు రేటు, అందులో తప్పేముంది" అన్నారు. కాగితాల మీద కాకుండా చూపించాలనిపించింది. గల్లాలోంచి 11,000 రియెల్ తీసి బల్ల మీద పెట్టాను, పక్కన ఒక సీసా పెట్టాను. "ఇది అమ్మాను. బిల్లు 2.75. ఇప్పుడు మీ షీట్‌తో దీన్ని లెక్కపెట్టండి" అన్నాను. ఫోన్‌లో భాగించారు. 2.68. మళ్లీ భాగించారు. "మరి ఆ 7 సెంట్లు ఎవరు తీశారు?" అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. మొహం ఎర్రబడింది, నిజంగానే బాధపడ్డారు. అయినా డబ్బు దగ్గరికొచ్చేసరికి లెడ్జర్ గారు చెప్పినట్టే 93 అన్నారు. నేను ఒప్పుకోలేదు. "ఆ పద్దు రాసింది నేను, తప్పులో నాకూ వాటా ఉంది, కావాలంటే సగం నా జీతంలోంచి తీసుకోండి, ఆమెకు మాత్రం 214 పూర్తిగా ఇవ్వాలి" అన్నాను. అది విన్నాక 107 వెంటనే, మిగతా 107 జనవరి జీతంతో ఇస్తానన్నారు. నా జీతం ముట్టుకోనన్నారు.

జులైకి ముందు నెలల సంగతి అడిగితే మాత్రం "అది తర్వాత చూద్దాం" అన్నారు. ఆ రిజిస్టర్లు నా దగ్గరే ఉన్నాయి.

మాఫుషి_డ్యూటీ | 7 డిసెంబరు, ఉదయం 5:50

అన్నా, డ్యూటీ దిగి బస్సులో చదువుతున్నాను. కళ్లు చెమర్చాయి. పాత నెలలు వదిలేయకండి.

రెండు_టేబుళ్లు | 7 డిసెంబరు, ఉదయం 8:15

చిరిగిన నోట్ల గురించి ఏం తేల్చారు? నాకు అది కూడా కావాలి.

సియెమ్‌రీప్_సాయి | 7 డిసెంబరు, ఉదయం 10:05

అనుమానం ఉన్న నోటు తీసుకోకూడదు, కస్టమర్ గొడవ చేస్తే మేనేజర్‌ని పిలవాలి. మేనేజర్ సరేనంటే నోటు కవర్లో పెట్టి మీద సంతకం చేయాలి. ఆ నోటు రేపు చెల్లకపోతే నష్టం బార్‌ది. ఆయన దీనికి వెంటనే ఒప్పుకున్నారు.

సియెమ్‌రీప్_సాయి | 23 డిసెంబరు, రాత్రి 1:15

ఆలస్యమైంది, సీజన్ రద్దీ. కొత్త మెనూ వచ్చింది. ప్రతి వస్తువుకీ ఖ్మేర్‌లో పేరు, ఇంగ్లీషులో పేరు, రియెల్ పైన, డాలర్ కింద. డ్రాఫ్ట్ 5,000, సీసా 11,000, బర్గర్ 18,000. అడుగున ఒక పంక్తి: "1 డాలర్ = 4,000 రియెల్. తీసుకునేటప్పుడూ చిల్లర ఇచ్చేటప్పుడూ ఇదే రేటు." ఖ్మేర్ పంక్తి క్యాషియర్ అమ్మాయే రాసింది. ప్రెస్సువాడు ఒక అక్షరం తప్పు వేస్తే తనే వెళ్లి దిద్దించింది.

మొదటి విడత 107 ఆమె చేతికి వచ్చింది.

లెడ్జర్ గారూ, మీ రెండు గడుల పద్ధతిలో ఈ రాత్రి షీట్ ఇక్కడ పెడుతున్నాను, సరిగ్గా ఉందో లేదో చూడండి. పొద్దున చిల్లర 100 డాలర్లు, 4 లక్షల రియెల్. రాత్రి గల్లాలో 318 డాలర్లు, 5,62,000 రియెల్. 4,000తో భాగిస్తే రియెల్ 140.50. మొత్తం 458.50, అందులో పెట్టుబడి 200 తీసేస్తే 258.50. నగదు బిల్లుల మొత్తం 258.50. కవర్లో ఒక 20 డాలర్ల నోటు, మేనేజర్ సంతకంతో. ఆ 20 పై 318లో కలిసే ఉంది. దాన్ని విడిగా చూపించాలా?

లెడ్జర్_మనిషి | 23 డిసెంబరు, ఉదయం 7:40

విడిగానే చూపించండి. 298, పక్కన కవర్‌లో 20 అని రాయండి. బ్యాంకుకి వెళ్లిన రోజు ఆ వరస కొట్టేయవచ్చు. మిగతాదంతా సరిగ్గా ఉంది. జనవరి విడత అందాక, జూన్ రిజిస్టరు తెరవండి. నేనూ కూర్చుంటాను.